మెడ నుంచి గుండె దాకా

ఫిబ్రవరి 11, 1985. సోమవారం.

పొద్దున మైనస్ పదహారు. గాలి లేదు. పొయ్యిలో బూడిద తీసి గుమ్మం ముందు మంచు మీద చల్లాను, ఎటెల్కా జారిపడకుండా.

ఇన్‌స్టిట్యూట్‌లో ఒకటో పొదుగుపెట్టె 37.8. రెండోది 37.5కి పడిపోయింది, సరిచేశాను. రేపటి పనికి ఇరవై నాలుగు కోడిగుడ్లు లోపల పెట్టాను.

సాయంత్రం చిక్కుడుగింజల పులుసు వడ్డిస్తూ ఎటెల్కా చెప్పింది, కడుపుతో ఉన్నానని. ఏడు వారాలు దాటిందట. నేను రొట్టె కోస్తున్నాను.

"విన్నావా?"

"విన్నాను."

"ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాక. వీధిలో నవ్వుతారు."

"నవ్వనీ."

"నవ్వితే నవ్వనీలేవయ్యా. మళ్ళీ పరామర్శకి రాకుండా ఉంటే చాలు."

చూసుకుంటే రొట్టె మొత్తం కోసేశాను. ఇద్దరికి అంత అక్కర్లేదు.

ఫిబ్రవరి 12, మంగళవారం.

మైనస్ పద్నాలుగు. ఇరవై నాలుగు గుడ్లు. పన్నెండు కోసినవి, పన్నెండు తెరిచి మూసినవి. మంచు కురిసింది.

ఫిబ్రవరి 14, గురువారం.

మైనస్ పదకొండు. వంటింటి కుళాయి గొట్టం గడ్డకట్టింది, వేడినీళ్ళ గుడ్డ చుట్టి విడిపించాను.

రోజి అత్త ఇవాళ ఇన్‌స్టిట్యూట్‌లో నా గదిలో నేల తుడుస్తూ ఆగింది. పనికిరాని గుడ్లు ఆవిడే పట్టుకెళుతుంది, పిండిలో కలిపి సేమ్యా చేసుకోవడానికి. నా వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"ఆ సూదితో ఏం పీకుతున్నావు జెనో? గుడ్డులో వెంట్రుకా?"

"మెడ వెనక చిన్న పోగు ఉంటుంది అత్తా. అది తీస్తాను. తీసి, టేపు అంటించి, మళ్ళీ పొదుగుపెట్టెలో పెడతాను."

"తీస్తే?"

"గుండె తేడాగా వస్తుంది."

"మెడలోది పీకితే గుండె పాడవడమేంటయ్యా! పక్కింటి ఇటుక పీకితే మా ఇల్లు కూలినట్టు."

"గుండెలో గోడ కట్టే కణాలు గుండెలో పుట్టవు. మెడ వెనక పుడతాయి. నడిచి వెళతాయి."

"నడిచి?"

"నడిచే."

"దారెవరు చెబుతారు వాటికి?"

"తెలియదు."

"నీకు తెలియదు. డాక్టరమ్మకి తెలుసా?"

"ఆవిడకీ తెలియదు."

"మరి మీరిద్దరూ కలిసి ఇన్నేళ్ళుగా ఏం పీకుతున్నట్టు?" అని తన మాటకి తనే నవ్వుకుంటూ బకెట్టు తీసుకుని పోయింది.

గుండె ఎలా తేడాగా వస్తుందో ఆవిడకి చెప్పలేదు. గుండెలోంచి ఒక లావు గొట్టం బయలుదేరుతుంది. దాని మధ్యలో గోడ లేచి రెండుగా చీలాలి, ఒకటి ఊపిరితిత్తులకి, ఒకటి ఒంటికి. ఆ గోడ కట్టేవాళ్ళు రాకపోతే గొట్టం ఒకటిగానే మిగిలిపోతుంది.

ఆ బొమ్మని నేను మొదట చూసింది ఇన్‌స్టిట్యూట్‌లో కాదు. 1970 డిసెంబర్‌లో, ఆసుపత్రి వరండాలో. డాక్టరు ఒక చీటీ వెనక పెన్సిల్‌తో గీశాడు.

ఫిబ్రవరి 17, ఆదివారం.

మైనస్ తొమ్మిది. కట్టెలు కొట్టాను. ఎటెల్కా చేపల పులుసు చేసింది, ఎర్రగా, మిరపపొడి దిట్టంగా వేసి. తను తినలేదు.

గర్భం తీయించుకోవడానికి అనుమతిచ్చే కమిటీకి పేరు ఇచ్చి వచ్చిందట. మార్చి పన్నెండు, తొమ్మిది గంటలకి. పన్నెండు వారాలు నిండకముందే తీయించుకోవాలి. వయసు ముప్పై అయిదు దాటింది కాబట్టి వాళ్ళు అడ్డు చెప్పరట. రాజధానిలో కడుపులో బిడ్డ గుండెని చూసే యంత్రం ఉందంటారు. కానీ దానికి అయిదో నెల రావాలి. అప్పటికి కమిటీ గడువు ఉండదు.

"తొందరేముంది, ఆలోచించుకుని..." అన్నాను.

"పదిహేనేళ్ళు ఆలోచించాను. ఒకడిని ఇసక బస్తాలు మోసి చంపుకున్నాను. వీడిని ఏం చేసి చంపుకుంటానో తెలియదు. వంగితే భయం, బకెట్టు ఎత్తితే భయం. ఏడు నెలలు ఈ భయం మొయ్యలేను జెనో."

"అలా అనకు."

"మరెలా అనాలో చెప్పు."

కొట్టిన కట్టెలు లోపలికి తెచ్చాను.

ఆ ఏడు, 1970లో, తిస్సా నది పొంగింది. మే ఆఖరు, జూన్ మొదలు. సెగెద్ ఊరు ఊరంతా గట్టు మీదే. ఇంటికొకరు రావాలన్నాడు వీధి పెద్ద. నాకు జనపనార మిల్లులో షిఫ్టు. నువ్వెళ్ళు, వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారు, అన్నది నేనే. ఆమెకి నాలుగో నెల. మూడు రోజులు బస్తాలు అందించింది. నవంబర్ ఇరవై ఒకటిన బాలింట్ పుట్టాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పదకొండు రోజులు.

బరువులెత్తితే ఇంతే, అంది మా అమ్మ, దినం నాడు, అందరి ముందూ. నేను అక్కడే ఉన్నాను.

ఫిబ్రవరి 19, మంగళవారం.

మైనస్ పన్నెండు. బొగ్గు వచ్చింది, షెడ్డులోకి చేరవేశాను. రోజుల ప్రకారం చూస్తే ఈ వారం గోడ లేస్తూ ఉండాలి.

గుడ్లలో కాదు. ఎటెల్కాలో.

ఫిబ్రవరి 20, బుధవారం.

మైనస్ పది. ఈ పరిశోధన నడిపే డాక్టర్ సొమోది ఎమెషె సూక్ష్మదర్శిని కింద కొత్త గాజు పలకలు చూడమని పిలిచింది. పోయిన నెల నేను కౌజు పిట్ట పిండంలోంచి మెడ పోగు తీసి కోడి పిండంలో అతికించాను, దాని పోగు తీసేసిన చోట. కౌజు కణం లోపల నల్ల చుక్క ఉంటుంది, కోడి కణంలో ఉండదు. అందుకని ఎవరు ఎవరో తెలుస్తుంది.

"చూడు బాబాయ్, ఎంత దూరం వచ్చాయో!" అంది. ఆవిడకి ముప్పై నాలుగేళ్ళు, సంతోషం దాచుకోలేదు.

చూశాను. మెడ వెనక నుంచి గొంతు పక్కగా, ఒకదాని వెనక ఒకటి, నల్ల చుక్కలు. గుండె గుమ్మం దగ్గర గుంపుగా. కొన్ని వేరే దారిన పోయాయి. దవడలో ఒకటి కనిపించింది, చర్మం కింద రెండు.

"ఇవి తప్పిపోయాయా?" అన్నాను.

"తప్పిపోలేదు. వాటి ఊరు అదేనేమో."

"రావలసినవి ఎందుకు రావో, అది ఎప్పటికైనా తెలుస్తుందంటారా?"

"తెలిస్తే నాకీ అద్దెకొంప ఉండదు బాబాయ్, బహుమతి డబ్బుతో బంగళా కొనేదాన్ని."

ట్రాములో కూర్చున్నాక కిటికీ అద్దం మీద మంచు చుక్కలు కనిపించాయి. కళ్ళు మూసుకుని వచ్చాను. ఒక స్టాపు దాటిపోయాను.

ఫిబ్రవరి 22, శుక్రవారం.

మైనస్ ఎనిమిది. పన్నెండో తారీఖు గుడ్లు ఇవాళ తెరిచాను.

పెంకు మీద గీత పెట్టినవి, అంటే కోసినవి, పన్నెండు. మూడు చచ్చిపోయాయి. తొమ్మిదింటిలో ఏడింటికి ఒకే గొట్టం. రెండింటికి గుండె సరిగ్గానే ఉంది.

సున్నా పెట్టినవి, అంటే పెంకులో కిటికీ తెరిచి ఏమీ కోయకుండా మూసేసినవి, పన్నెండు. ఒకటి చచ్చిపోయింది. పది బాగున్నాయి. నలభై ఏడో నంబరుది ఒకే గొట్టం.

రెండోసారి చూశాను. దీపం దగ్గరికి జరిపి మూడోసారి చూశాను. కొట్టుకుంటోంది. నేను చూసినంతసేపూ కొట్టుకుంది. లోపల గోడ లేదని దానికి తెలియదు. గుడ్డులో ఉన్నంతకాలం ఒక గొట్టంతో గడిచిపోతుంది. పెంకు పగిలి గాలి పీల్చిన రోజు నుంచి సరిపోదు.

ఎమెషెని పిలిచాను. ఆవిడ చూసి తల ఊపింది.

"పెన్సిల్ తడబడింది బాబాయ్. గీత పెట్టాల్సినదానికి సున్నా పెట్టావు. ఆ బాగున్న రెండు గీతల్లో ఒకటి అసలు కోయనిది. అంతే."

"తడబడలేదమ్మా."

"పదకొండేళ్ళలో ఒక్కసారి. నేనేం ఉరి తీయనుగా."

"ముక్కలు లెక్కపెడితే తెలుస్తుంది." తీసిన ప్రతి పోగునూ గాజు పళ్ళెంలో వేసి, సాయంత్రం లెక్కపెట్టి రాశాకే పారబోయడం నా పద్ధతి. ఆవిడ పెట్టిన నియమం కాదు, నేనే పెట్టుకున్నాను.

"బాగుంది. ఆ రోజు ముక్కలెన్ని?"

ఇన్‌స్టిట్యూట్ పుస్తకం తెరిచాను. పన్నెండో తారీఖు. పొదుగుపెట్టెల వేడి ఉంది. గుడ్ల నంబర్లున్నాయి. ముక్కల సంఖ్య లేదు. పళ్ళెం కడిగి బోర్లించాను, లెక్కపెట్టలేదు. కోసిన చేతిలో కూడా ఏ జ్ఞాపకమూ లేదు. ఆ రోజంతా నా తల ఎక్కడుందో నాకు తెలుసు.

"పదకొండేళ్ళలో ఒక్కసారి," అంది మళ్ళీ, ఈసారి నవ్వకుండా. "రెండూ తారుమారు చేసి రాసెయ్యి."

"తెలియదు అని రాస్తాను."

"తెలియదు అనే గడి లేదు బాబాయ్. ఏప్రిల్‌లో ఈ పట్టిక పట్టుకుని నలుగురి ముందు నిలబడాల్సింది నేను."

"ఒక గడి గీస్తాను."

ఆవిడ వెళ్ళిపోయింది. తలుపు గట్టిగానే వేసింది.

నేను కోసి ఉంటే అది మామూలు సంగతి. కోయకుండానే అలా అయిందంటే? ఎవరి చెయ్యీ పడకుండానే. ఎవరూ ఏమీ మోయకుండానే.

ఫిబ్రవరి 24, ఆదివారం.

మైనస్ మూడు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, వాడకంలో లేని మూడో పొదుగుపెట్టె తుడిచి, నూట ఇరవై గుడ్లు పెట్టాను. వీటికి కిటికీ కోయను. ముట్టుకోను. పదకొండో రోజు తెరిచి గుండెలు చూస్తాను. వీటిలో ఒక్కటైనా నలభై ఏడులా ఉంటే, ఎటెల్కా ముందు కూర్చుని చెబుతాను, ఇది ఎవరూ చేయకుండానే జరుగుతుందని. చూపిస్తాను కూడా. చేతిలో ఏమీ లేకుండా చెప్పేదేముంది.

ఎమెషెకి రేపు చెప్పాలి.

ఫిబ్రవరి 25, సోమవారం.

మైనస్ ఒకటి. చెప్పలేదు.

ఫిబ్రవరి 27, బుధవారం.

సున్నా. మూడో పెట్టె 37.8. ఎటెల్కా వాంతులు. నిమ్మకాయ తెచ్చిపెట్టాను. దుకాణంలో మూడే ఉన్నాయి, మూడూ తెచ్చాను.

రోజుల ప్రకారం ఇప్పటికి గోడ పూర్తయి ఉండాలి. అయిందో లేదో, ఒకే మంచం మీద చెయ్యెడు దూరంలో పడుకుంటాను. తెలియదు.

మార్చి 2, శనివారం.

ప్లస్ మూడు. అటక మీద ఎలుకల మందు పెట్టడానికి ఎక్కాను. 1970లో నేను రోజువారీ రాసుకున్న పుస్తకం అక్కడ ఉంది. కిందికి తెచ్చాను.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. నాకోసం నేను రాసుకునే చోట కూడా ఇన్నాళ్ళూ రాయలేదు.

నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణి. 1974లో మిల్లు వదిలి ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను, కోళ్ళ దాణా చూసుకునే పనికి. 1977లో ఎవరో పారేసిన పిండశాస్త్రం పుస్తకం దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మనిషి గుండె ఏ వారంలో ఏమవుతుందో రెండు పుటల్లో ఉంది. కడుపున పడిన రోజు నుంచి ఎనిమిదో వారం నిండేలోపు గోడ కట్టేయాలి. బాలింట్ లెక్క వేశాను. ఏప్రిల్ ఆఖరు.

వరద వచ్చింది మే ఆఖరున.

ఎటెల్కా మొదటి బస్తా ఎత్తేనాటికి వాడి గుండె ఎలా ఉండబోతుందో అలా ఉండిపోయి నెల దాటింది. ఆమె బస్తాలు ఎత్తినా అంతే, పరుపు మీద పడుకున్నా అంతే.

ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు.

చెబితే ఆమె అడిగే రెండో మాట, మరెప్పుడు అని. ఎప్పుడు అంటే అటక మీది ఈ పుస్తకం తెరవాలి. ఇవాళ తెరిచాను. 1970 ఏప్రిల్, నా చేతిరాత.

ఏప్రిల్ 6: ద్రాక్ష గుంజలు పాతాను.
ఏప్రిల్ 9: ఎటెల్కాకి తలనొప్పి.
ఏప్రిల్ 13, 14, 15, 16: వంటింటి తలుపులకీ కిటికీలకీ రంగు వేశాను. వాసన పోలేదు.

నాలుగు రోజులు. మిల్లులోంచి తెచ్చిన రంగు, డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండేది. దాన్ని పలచన చేసి వేశాను. ఆమె అక్కడే వండింది, అక్కడే తింది. పుస్తకంలో ఇంకేమీ లేదు.

మార్చి 5, మంగళవారం.

ప్లస్ రెండు. ఏమీ లేదు.

మార్చి 7, గురువారం.

ప్లస్ నాలుగు. నలభై గుడ్లు తెరిచాను. నలభై గుండెలూ బాగున్నాయి.

మార్చి 8, శుక్రవారం.

ప్లస్ అయిదు. మహిళా దినోత్సవం. బజారులో మంచుపూల చిన్న గుత్తులు మూడు కొన్నాను. ఒకటి రోజి అత్తకి.

"నా మొగుడు బతికుండగా ఒక్కసారి తెచ్చాడు," అంది. "అదీ పక్కింటావిడకి తెచ్చింది మిగిలితే."

ఒకటి ఎమెషె బల్ల మీద పెట్టాను. ఒకటి ఎటెల్కాకి ఇచ్చాను. గ్లాసులో నీళ్ళు పోసి పెట్టింది. వాటివైపు చూడలేదు.

నలభై గుడ్లు. అన్నీ బాగున్నాయి.

మార్చి 9, శనివారం.

ప్లస్ ఆరు. మిగిలిన నలభైలో ఏడు పిండం కట్టనివి. ముప్పై మూడు తెరిచాను. ఆఖరిది చూస్తుంటే తలుపు తీసిన చప్పుడైంది. ఎమెషె. శనివారం ఆవిడ రాదు.

"రోజి అత్త చెప్పింది, నీ గదిలో పెంకులు గుట్టపడ్డాయని, మోయలేక నడుం పోతోందని. ఏంటిది బాబాయ్?"

"ముట్టుకోని గుడ్లు. నూట పదమూడు చూశాను. మీకు చెప్పకుండా పెట్టాను. తప్పే."

"ఏం వెతుకుతున్నావు?"

"కోయకుండానే చెడినది."

"దొరికిందా?"

"లేదు."

ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. "వెయ్యికొకటి ఉంటుందేమో. అయిదువేలకొకటేమో. నూటపదమూడులో కనపడలేదంటే లేదని కాదు కదా. నీకు తెలియనిదా? నలభై ఏడు కోసమా ఇదంతా? నా మీద పంతమా?"

"కాదమ్మా. మా అబ్బాయి కోసం."

"నీకు అబ్బాయి ఉన్నాడా?"

"పదకొండు రోజులున్నాడు. ఒకే గొట్టం."

ఆవిడ నా చేతిలో ఉన్న సూది వంక చూసింది.

"ఈ కోతలు నీతో ఎన్నాళ్ళుగా చేయిస్తున్నాను నేను?"

"రెండేళ్ళు."

"ఎన్ని చేసి ఉంటావు?"

"పదిహేను వందల ముప్పై ఆరు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్!"

"మీరు అడగలేదుగా."

లేచి, నా బల్ల మీద స్కేలు తీసుకుంది. ఇన్‌స్టిట్యూట్ పుస్తకం తెరిచి, ఫిబ్రవరి 22 పట్టికలో ఆఖరి గడి పక్కన నిలువుగా ఒక గీత గీసింది. పైన రాయలేదు, నన్ను రాయమంది. తెలియదు, అని రాశాను. కింద 47.

"ఇంట్లో ఆవిడకి తెలుసా, రోజూ నువ్వు చేసే పని ఏంటో?" అంది వెళుతూ.

"గుడ్ల పని అని తెలుసు."

మార్చి 10, ఆదివారం.

ప్లస్ ఆరు. ఎటెల్కా బూడిదరంగు గౌను ఇస్త్రీ చేసింది, మంగళవారానికి. నేను బూట్లు తుడిచాను, ఇద్దరివీ. చెప్పలేదు.

మార్చి 11, సోమవారం.

చెప్పలేదు.

మార్చి 12, మంగళవారం.

ఏడున్నరకి ఎటెల్కా కోటు తొడుక్కుంది. నేను తలుపుకి అడ్డంగా ఉన్నాను. అడ్డంగా నిలబడాలని నిలబడలేదు, బూట్లు అక్కడ ఉన్నాయి.

"బస్తాలు కాదు," అన్నాను.

"ఏంటి?"

"బాలింట్. నువ్వు బస్తాలు మోసేనాటికే గుండె కట్టడం అయిపోయింది. నెల ముందే. ఏప్రిల్‌లో."

మూడో గుండీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది. వారాలతో సహా. రోజూ గుడ్లలో చూస్తాను కూడా."

"ఎప్పుడు చదివావు?"

పోయిన వారం అని అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

"డెబ్భై ఏడులో."

"ఇది ఎనభై అయిదు."

"అవును."

"మీ అమ్మ పోయింది ఎనభైలో. ఆ మంచం మీద కూడా నన్ను చూసి బస్తాలనే అంది. నువ్వు దిండు సర్దుతున్నావు."

"అవును."

"అప్పటికే చదివావు."

"చదివాను."

"నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఎనిమిదేళ్ళు! పక్కలో పడుకుని! నేను ఏడుస్తుంటే అటు తిరిగి పడుకున్నావు కదరా!"

"మరెప్పుడు అని అడుగుతావని."

"అడుగుతున్నాను. మరెప్పుడు? ఎందుకు?"

"ఎందుకో ఎవరికీ తెలియదు. ఏప్రిల్‌లో నేను వంటింటికి రంగు వేశాను. నాలుగు రోజులు. పుర్రె బొమ్మ డబ్బా. నువ్వు అక్కడే వండావు. నా పుస్తకంలో అదొక్కటే ఉంది."

నా మొహంలోకి చూసింది. పెళ్ళయిన కొత్తలో నేను తప్పు ట్రాము ఎక్కించినప్పుడు అలా చూసింది.

"నేనెక్కడ వండాను? ఆ వాసనకి కడుపులో తిప్పుతుంటే, నువ్వు డబ్బా తెరిచిన పూటే మా అక్క ఇంటికి పోయాను. మళ్ళీ ఆదివారం వచ్చాను. ఆరు రోజులు నువ్వు రొట్టే ఉల్లిపాయా తిన్నావు. రాయలేదా నీ పుస్తకంలో?"

"లేదు."

"రంగు రాశావు, నేను లేనన్నది రాయలేదు."

"లేదు."

"నన్నొక్క మాట అడిగితే..." అని ఆగింది. మిగతా గుండీలు పెట్టుకుంది. "జరుగు. ట్రాము వస్తుంది."

జరిగాను.

ఆమె వెళ్ళాక పనికి వెళ్ళాను. పొదుగుపెట్టెల వేడి చూశాను. చూసినట్టు గుర్తుంది, ఎంతో గుర్తులేదు. నాలుగింటికి ఇంటికొస్తే కోటు కొక్కేనికి వేలాడుతోంది. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మార్చి 13, బుధవారం.

ప్లస్ ఎనిమిది. మాట్లాడలేదు.

మార్చి 14, గురువారం.

ప్లస్ ఏడు, వాన. ఆసుపత్రికి రమ్మని చీటీ ఏదైనా ఇచ్చారా అని ఆమె సంచీ వైపు చూశాను. సంచీ తెరవలేదు. పిండశాస్త్రం పుస్తకం ఆ రెండు పుటల దగ్గర తెరిచి, వంటింటి బల్ల మీద పెట్టి, పనికి వెళ్ళాను. వచ్చేసరికి మూసి ఉంది. మధ్యలో ఒక అగ్గిపుల్ల పెట్టి ఉంది, గుర్తుకి.

మార్చి 15, శుక్రవారం.

వాన. పొద్దున ఎమెషె అడిగింది, ఇకనుంచి కోతలకి వేరే మనిషిని చూడమంటావా అని. ఆలోచిస్తానన్నాను. గుండె ఎప్పుడు కొట్టుకోవడం మొదలుపెడుతుందో చూసే పని మాత్రం నాకే ఇవ్వమన్నాను. సరేనంది.

మార్చి 16, శనివారం.

ప్లస్ తొమ్మిది. గాలి. ఎటెల్కా గసగసాల సేమ్యా చేసి, రెండు పళ్ళేల్లో పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"కమిటీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. పేరు పిలిచారు. లేవలేదు. రెండోసారి పిలిచారు. పక్కనున్న పిల్ల, పాపం ఇరవయ్యేళ్ళుండవు, 'మీరేనాండీ' అని అడిగింది. 'నేను కాదమ్మా' అన్నాను. కాసేపు కూర్చుని వచ్చేశాను."

ఫోర్కు కింద పెట్టాను.

"తిను. నీకోసమేం కాదు. నీ మీద కోపం అలాగే ఉంది, ఎప్పటికి పోతుందో నాకే తెలియదు. ఆ కోపంలో లోపలికి వెళ్ళి సంతకం పెట్టకూడదనిపించింది. నీ మీదిది వీడి మీద తీర్చుకున్నట్టు."

"ఊఁ."

"ఊఁ అనకు. నీ ఊఁ వింటే ఒళ్ళు మండుతోంది." కాసేపు తింది. "నీ పుస్తకం సగం అర్థం కాలేదు. ఆ మెడ దగ్గర్నుంచి నడిచేవి. ఇప్పుడెక్కడున్నాయి అవి, వీడిలో?"

"వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిపోయాయి. రెండు వారాలు దాటింది."

"అన్నీ చేరాయా?"

"తెలియదు."

"తెలియదంటే? మళ్ళీ ఎనిమిదేళ్ళయ్యాక చెబుతావా?"

"లేదు. నిజంగా తెలియదు. ఎవరికీ తెలియదు. నేను చూడగలిగేది గుడ్డులోనే."

"బస్తా ఎత్తితే ఆగిపోవుగా ఇక?"

"ఆగవు. ఆగేవైతే అప్పుడే ఆగి ఉంటాయి."

నా వైపు చూసింది, అబద్ధమేమో అని చూసినట్టు. తర్వాత లేచి, పొయ్యి పక్కనున్న బొగ్గు బకెట్టు రెండు చేతులతో ఎత్తి, పొయ్యిలో తనే పోసుకుంది. నేను లేవబోయాను. "కూర్చో," అంది.

మార్చి 18, సోమవారం.

ప్లస్ పది. వాన వెలిసింది. ఒకటో పెట్టె 37.8. రెండోది 37.8. సెప్టెంబర్ దాకా ఇరవై ఏడు వారాలు. ఆమె నిద్రలో ఊపిరి తీస్తుంటే లెక్కపెడుతున్నాను, ఎందుకో తెలియదు. బాలింట్ పెదవుల రంగు రెండు రోజులుగా ప్రతిచోటా కనిపిస్తోంది, ఆల్‌బుఖారా పళ్ళ సీసాలో, సిరా మరకలో. ఇది ఎటెల్కాకి చెప్పాను. ఇందాకే. చెప్పడం ఇదే మొదటిసారి.

"నాకు పదిహేనేళ్ళుగా కనిపిస్తోంది," అంది.

ఇప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను రాసేది చదువుతోంది. నా ఎడమ చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. ఇప్పుడే కదలిక ఏమీ తెలియదు, ఇంకా నెల పైన పడుతుంది, అన్నాను. "తెలియదని నాకూ తెలుసు. ఉంచు," అంది. వెచ్చగా ఉంది. కుడిచేత్తో రాస్తున్నాను, కాగితం జారుతోంది. సాయంత్రం పెరట్లో చేసిన పని రేపు రాస్తాను.